మునిగిన కారూ, ముట్టకూడని పానాలూ

ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్లకు ముందే ఒక మాట చెబుతున్నాను. గౌరవం కోసం అయితే రాకండి. కారు బాగా నడిచినంతకాలం అది యజమాని డ్రైవింగ్ గొప్పతనం. ఆగిపోయిన రోజున మెకానిక్ వెధవ పని. ఈ రెండింటి మధ్యా మనకు దొరికేది నల్లబడిన గోళ్లూ, ఏ సబ్బుకీ పోని గ్రీజు వాసనా. అవి చాలు అనుకుంటే కూర్చుని చదవండి.

నేను పనిచేసింది జంషెడ్‌పూర్‌లో, సాక్చి బజారు దాటాక ఉన్న ఒక ప్రైవేటు గ్యారేజీలో. ఇల్లు భాలుబాసాలో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇనుప కర్మాగారం పనికి వచ్చినవాడు. నేను ఆ సైరన్లకీ షిఫ్టులకీ ఇమడలేక గ్యారేజీలో తేలాను. ఆ ఊళ్లో తెలుగువాడి పేరు ఏదైనా కానీ, పిలిచేది మాత్రం 'రావ్' అని. అందుచేత నేను రావ్ మిస్త్రీని. అసలు పేరు మా ఆవిడకీ రేషను కార్డుకీ తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఊరికి రెండు నదులు. ఒకటి సువర్ణరేఖ, రెండోది ఖర్కాయి. మిగతా కాలమంతా బుద్ధిగా ఉండేవి, వానాకాలం వచ్చేసరికి ఏదో ఒకటి రోడ్డెక్కేది. నీళ్లు చూసి కారు ఆపేసే మనిషిని నేను నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టగలను. మిగతా అందరూ "ముందు బండి వెళ్లింది కదా" అని దిగినవాళ్లే. ముందు వెళ్లింది లారీ అనీ, మనది అంబాసిడర్ అనీ మధ్యలోకి వెళ్లాక గుర్తొస్తుంది. డెబ్బైల చివరా ఎనభైల మొదట్లోనూ మా గ్యారేజీ పొయ్యి వెలిగిందంటే ఆ మతిమరుపు పుణ్యమే.

"ఒక్కసారి చూద్దామని"

వరద నీళ్లు తాగిన కారు వస్తే నేను ముందు బానెట్ ఎత్తేవాణ్ని కాదు. యజమాని ముఖంలోకి చూసి, "స్టార్ట్ చేశారా?" అని అడిగేవాణ్ని. జవాబు అందరిదీ ఒకటే. "ఒక్కసారి. ఊరికే. చూద్దామని."

ఇంజిను లోపల పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. గాలి మెతకది, నొక్కితే లొంగుతుంది. నీళ్లు లొంగవు. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టరు నొక్కితే పిస్టన్ పైకి తోసుకొస్తుంది, నీళ్లు జరగవు, పిస్టన్‌ను కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వంగిన రాడ్‌తో కూడా ఇంజిను కొన్నాళ్లు తిరగొచ్చు. తర్వాత ఒక మంచి రోజు చూసుకుని బ్లాకు పక్కన కన్నం పెట్టి రాడ్ బయటికొస్తుంది.

దీనికీ చదువుకీ సంబంధం లేదు. ఆఫీసరూ నొక్కాడు, లారీ డ్రైవరూ నొక్కాడు, పూజారిగారూ నొక్కారు. నా సొంత బావమరిది, పెళ్లిచూపుల నాటి నుంచి నా చేత ఈ ఉపన్యాసం విన్నవాడు, జుగ్సలాయి రోడ్డు మీద నీళ్లలో ఆగిపోయి నొక్కాడు.

"ఏటిరా, సిలక్కి సెప్పినట్టు సెప్పేను కదా?" అని తిట్టాను.

"సెప్పేవు బావా. కానీ సుట్టూ జనం సూత్తన్నారు. ఏటీ సెయ్యకండా కూకుంటే బాగోదు కదా" అన్నాడు.

వాడి మాట నాకు కోపం తెప్పించినా, ఆ తర్వాత చూసిన ప్రతి వంగిన రాడ్ వెనకా అదే కారణం కనిపించింది. మనిషి తెలియక నొక్కడు. పదిమంది చూస్తుంటే ఖాళీగా కూర్చోలేక నొక్కుతాడు. కాబట్టి నీళ్లలో బండి ఆగితే తాళంచెవి లాగి జేబులో వేసుకోండి. జనాన్ని చూడనివ్వండి. వాళ్ల చేతే తోయించండి, వాళ్లకూ ఒక పని దొరుకుతుంది.

గట్టెక్కాక బ్యాటరీ తీగ ఊడదీయండి. నూనె చూసే పుల్ల తీయండి. నూనె నల్లగా ఉంటే అదృష్టం. పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి, ఇక ఆ నూనె మీద ఆశ వదులుకోండి. ఇంజినుతో ఆపకుండా గేరుబాక్సూ వెనక ఇరుసూ కూడా చూడాలి. పరుగెత్తి కాగిపోయిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగితే, పైనున్న గాలి రంధ్రంలోంచి నీళ్లను లోపలికి పీల్చేస్తుంది. దీన్ని మరిచిపోయిన బళ్లు దసరా దాకా బాగానే తిరిగి, ఆ తర్వాత ఏడుస్తూ మా దగ్గరికే వచ్చేవి.

ఎండలో పెట్టిన పెద్దమనిషి

కద్మాలో ఉండే ఒక బ్యాంకు గుమాస్తాగారు చాలా జాగ్రత్తపరుడు. ఆయన కారు మునిగితే స్టార్ట్ చేయలేదు, మెచ్చుకున్నాను. కానీ నీళ్లు దిగాక నాలుగు తలుపులూ తెరిచి, అప్పడాలు ఎండబెట్టినట్టు ఎండలో పెట్టాడు. బాగా ఎండాకే తీసుకొచ్చాడు. అప్పటికి రేడియేటరు సందుల్లో బురద ఇటుకైపోయింది. బ్రేకు డ్రమ్ములు లోపలి బ్రేకు పట్టీలను కరిచి పట్టుకున్నాయి, పైగా ఆయన జాగ్రత్త కొద్దీ హ్యాండ్ బ్రేకు కూడా లాగి ఉంచాడు. చక్రం ఊడదీయడానికి సుత్తితో మేం చేసిన చప్పుడుకి పక్కనున్న టైలరు కొట్టు మూసుకుని వెళ్లిపోయాడు.

మునిగిన కారును ముందు మంచినీళ్లతో కడగాలి. ఈ మాట చెబితే జనం మనకు పిచ్చి అనుకుంటారు. అనుకోనివ్వండి. బురద తడిగా ఉన్నప్పుడు నీళ్లకే పోతుంది, ఎండాక ఉలికి కూడా పోదు. కడిగాక సీట్లు ఊడదీసి బయట పడేయండి. లోపలి కొబ్బరి పీచు తడిస్తే వచ్చే వాసన మీద మాత్రం నేనేమీ రాయను. నేను అన్నం తినే మనిషిని.

బ్రేకుల సంగతి ఇంకొకటి. నీళ్లలోంచి వచ్చిన బండి బ్రేకు తొక్కితే ఆగదు, పెళ్లికి వెళ్లే బండిలా సాగిపోతుంది. మెల్లగా నడుపుతూ, కొంచెం కొంచెం తొక్కుతూ, డ్రమ్ములు వేడెక్కి ఆరేదాకా ఖాళీ రోడ్డు మీద తిప్పాలి. ఎదురుగా సైకిళ్లు వచ్చే రోడ్డు మీద ఈ పరీక్ష పెట్టుకోకండి.

ఘోషాల్ బాబు చెవి

మా మాలిక్, అంటే గ్యారేజీ యజమాని, ఘోషాల్ బాబు బెంగాలీ. పొడుగ్గా, సన్నగా, ఎవరి మీదో అలిగి వచ్చినట్టు ఉండేవాడు. మాటలు హిందీలో, తిట్లు బెంగాలీలో. ఇంజిను చప్పుడు విని రోగం చెప్పడంలో తనకు సాటి లేడని ఆయన నమ్మకం. స్క్రూడ్రైవరు మొన ఇంజిను మీదా, పిడి చెవిలోనూ పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ సమయంలో గ్యారేజీలో ఎవరూ తుమ్మకూడదు.

టెల్కో కాలనీ నుంచి ఒక కాంట్రాక్టరు కారు వచ్చింది. మునిగింది, మేం బాగుచేశాం, పంపేశాం. మర్నాడే కాంట్రాక్టరు తిరిగొచ్చాడు. లోపల ఏదో కొట్టుకుంటోందన్నాడు. ఘోషాల్ బాబు చెవిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని, "ట్యాపెట్" అన్నాడు, అంటే ఇంజిను నెత్తిన కవాటాలను తట్టే ముక్క వదులైందని. సరిచేశాం. మళ్లీ వచ్చాడు. ఘోషాల్ బాబు మళ్లీ ట్యాపెట్లే అన్నాడు. మూడోసారి టైమింగ్ చైను విప్పమన్నాడు, విప్పి ముందేసుకుని కూర్చున్నాం.

మా ఎలక్ట్రీషియన్ యూసుఫ్ భోజనం చేసి ఆ కారు తలుపుకి ఆనుకుని పడుకున్నాడు. ఉన్నట్టుండి లేచి కూర్చుని, "రావ్, ఇంజిను తిరక్కుండానే ట్యాపెట్ కొట్టుకుంటోంది చూడు" అన్నాడు. తలుపు లోపలి అట్ట ఊడదీస్తే అరచేతంత కప్ప, హాయిగా కూర్చుని ఉంది. వరదలో ఎక్కినట్టుంది, దిగడానికి దారి దొరకలేదు.

ఘోషాల్ బాబు కప్పనూ కాంట్రాక్టరునూ మార్చి మార్చి చూసి, "వానాకాలం ట్యాపెట్లు కూడా ఇలాగే అరుస్తాయి" అని లోపలికి వెళ్లిపోయాడు. తప్పు ఒప్పుకోవడం అనే జబ్బు ఆయనకు లేదు. మీరు మాత్రం చప్పుడు వినే ముందు ఒకసారి ఇంజిను ఆపి కూడా వినండి.

అలాంటి మనిషికి భక్తి ఒక్క దేవుడి మీదే. విశ్వకర్మ. భాద్రపదంలో విశ్వకర్మ పూజ వస్తే ఆ ఊరు ఊరంతా, పెద్ద కర్మాగారం నుంచి సైకిలు పంక్చరు కొట్టుదాకా, పని ఆపేస్తుంది. మేం నట్లు విప్పే పానాలన్నీ కిరసనాయిలులో కడిగి, తుడిచి, సిందూరం పెట్టి, బంతిపూలు వేసి విగ్రహం పాదాల దగ్గర పేర్చేవాళ్లం. మర్నాడు విగ్రహం ఏట్లో కలిసేదాకా ఎవరూ ముట్టకూడదు. ఘోషాల్ బాబు చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసేది. ఆ రోజు పానాలతో పాటు మిస్త్రీ చేతులు కూడా దేవుడివే. వదులైన నట్టును వేలితో బిగించినా తప్పే.

యూసుఫ్ అయిదు పూటలా నమాజు చేసేవాడు. అతని టెస్టరు, పట్టకారు అందరికంటే ముందు విశ్వకర్మ పాదాల దగ్గర ఉండేవి. నేనొకసారి వేళాకోళం చేస్తే, "ఏడాదంతా ఈ సామాను నాకు అన్నం పెడుతోంది. ఒక్క రోజు పడుకోనీ రావ్" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ వేళాకోళం చేయలేదు.

గౌరమ్మప్ప బండి

ఒక ఏడు పూజ రోజు పొద్దున్న, మేమంతా స్నానాలు చేసి ఉతికిన బట్టలేసుకుని నైవేద్యపు కిచిడీ వాసన పీలుస్తూ ఉండగా, ఒక ట్రాక్టరు వెనక తాడుతో కట్టించుకుని గౌరమ్మప్ప కారు వచ్చింది.

అప్ప అంటే మా వైపు అక్క. గౌరమ్మప్పది మా పేటే. మొగుడు టాక్సీ నడిపేవాడు. షుగరు వచ్చి చూపు పోయింది. చూపు పూర్తిగా పోకముందే పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవింగ్ నేర్పాడు. ఆడది కారు నడపడమేమిటని పేటంతా నవ్వింది. ఆవిడ అదే పాత అంబాసిడర్లో కద్మా పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్లి తేవడం మొదలుపెట్టాక, నవ్వినవాళ్లే తమ పిల్లల్ని కూడా ఎక్కించుకోమని వచ్చారు. పిల్లలు ఆ కారులో ఎంతమంది పట్టేవారో దేవుడికే తెలియాలి. ఇల్లు గడిచేది దాని మీదే.

ముందు రోజు మధ్యాహ్నం పిల్లల్ని ఇళ్ల దగ్గర దింపి వస్తుంటే ఖర్కాయి నీళ్లు కద్మా పల్లపు రోడ్డెక్కాయి. సగంలో బండి ఆగింది. తోసే మనుషులు దొరికేలోపు నీళ్లు సీటుదాకా వచ్చాయి.

"రావూ, బండి ములిగిపోనాది" అంది దిగుతూనే. చీర మోకాళ్లదాకా బురద. "అందరూ నొక్కమన్నారు. నాను నొక్కనేదు. తాళం తీసి బొడ్లో దోపేసుకున్నాను."

నాకు ఆవిడ కాళ్లకు దండం పెట్టాలనిపించింది. అంతమందికి చెప్పాను, విన్నది ఈవిడ ఒక్కత్తే.

"మంచి పని సేసేవప్పా. కానీ ఇయ్యాల..." అని వేలు చూపించాను. పందిట్లో ఏనుగు మీద విశ్వకర్మ, ఆయన ముందు మా పానాలన్నీ ఎర్రగా సిందూరంతో.

ఆవిడకు విషయం అర్థమైంది. నాకు అంతకన్నా బాగా అర్థమైంది. నీళ్లు అప్పటికే ఒక రాత్రి లోపల ఉన్నాయి. నిమజ్జనం మర్నాడు సాయంత్రం. అప్పటిదాకా ఆగితే పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండరుకు అతుక్కుంటాయి. ఆ ఇంజిను ఇక లేవదు. ఇంకో గ్యారేజీకి పంపుదామంటే ఊళ్లో ఎక్కడికెళ్లినా ఇదే దేవుడు, ఇదే పూజ. వరదకు మూసిన స్కూళ్లు తెరవగానే బండి గేటు ముందు లేకపోతే, ఆ పిల్లల బేరం మీద ఎప్పటి నుంచో కన్నేసిన వ్యానువాడొకడున్నాడు. వాడు ఎక్కించుకున్నాక మళ్లీ దింపడు.

ఘోషాల్ బాబు పట్టు పంచెలో వచ్చి చేతులు అడ్డంగా ఊపాడు. "కల్. విసర్జన్ కే బాద్." రేపు, నిమజ్జనం అయ్యాకే.

గౌరమ్మప్ప కొంగు దోపుకుంది. ఈయన ఇంజిన్లకు దేవుడేనా కాదా అని తన హిందీలో అడిగింది. "బాబూ, ఏ భగవాన్ ఇంజిను కా భగవాన్ హై కి నహీ?"

"హై."

"తో ఇంజిను మర్ రహా హై, ఔర్ ఏ బైఠ్ కే ఖిచిడీ ఖా రహా హై?"

ఇంజిను చస్తుంటే మీ దేవుడు కూర్చుని కిచిడీ తింటున్నాడా అని. ఘోషాల్ బాబు బెంగాలీలో ఏదో గొణిగాడు. నాకు తెలిసిన తిట్లలో అది లేదు.

"సరే, మీ పానాలు నాకొద్దు" అంది ఆవిడ, ఈసారి నా వైపు తిరిగి. "నా డిక్కీలో గోనెసంచి ఉన్నాది. ప్లగ్గు పానా, అండిలు, పట్టకారు, చక్రం పానా. అయి ఏ దేవుడికీ పెట్టనేదు. నా సేతులూ పెట్టనేదు. నువ్ సెప్పు, నాను సేత్తాను. నోరు కూడా దేవుడికి ఇచ్చీసేవేటి?"

ఘోషాల్ బాబు చట్టంలో నోటి ఊసు లేదు. ఆయన ఆలోచిస్తుండగానే ఆవిడ డిక్కీ తెరిచేసింది.

నోటితో రిపేరు

నా సర్వీసులో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఎదురుగా ఇంజిను పెట్టుకుని, నోటితో మాత్రమే పనిచేయాలి. నా పక్కన యూసుఫ్ కూడా చేతులు కట్టుకుని ఉన్నాడు. నేను తెలుగులో చెబుతాను, అతను హిందీలో అదే చెబుతాడు. ఒక్కోసారి అదే కాదు కూడా.

"ఎడం పక్కకి తిప్పప్పా."

"ఎవుడి ఎడం? నీ ఎడమా, దేవుడి ఎడమా?"

బ్యాటరీ తీగ తీసింది. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు విప్పి తీసింది, లోపల నీళ్లు. యూసుఫ్ దాన్ని కిచిడీ పొయ్యి పక్కన ఆరబెట్టమన్నాడు. ప్లగ్గులు ఒక్కొక్కటీ విప్పి అవీ పొయ్యి పక్కనే పేర్చింది. వంటవాడు కిచిడీకి పెట్రోలు వాసన పడుతుందని మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు.

తర్వాత అండిలు, అంటే హ్యాండిలు. అప్పటి కార్లకు ముందు బంపరు కన్నంలోంచి ఇనుప అండిలు పెట్టి ఇంజినును చేత్తో తిప్పొచ్చు. ప్లగ్గులు తీసేశాక తిప్పితే నీళ్లు ఆ కన్నాల్లోంచి బయటికి పోతాయి, రాడ్‌కి దెబ్బ తగలదు. కానీ నా భయం వేరు. బండి నీళ్లలో ఆగింది డిస్ట్రిబ్యూటరు తడిసినందుకా, నడుస్తూ నడుస్తూ నీళ్లు మింగినందుకా? మింగి ఆగి ఉంటే రాడ్ అప్పుడే వంగిపోయి ఉంటుంది. అండిలు పూర్తిగా తిరగకపోతే ఆవిడ పిల్లలూ స్కూలూ అన్నీ అయిపోయినట్టే.

"బొటనవేలు అండిలు మీదకి మడవకప్పా, వేళ్ల పక్కనే ఉంచు. ఎనక్కి తంతే వేలు ఇరిగిపోద్ది."

ఆవిడ రెండు చేతులతో పట్టుకుని లాగింది. సగం తిరిగి ఆగింది. నా చేతులు వాటంతటవే ముందుకు వచ్చేశాయి, యూసుఫ్ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

"ఆగిపోనాదేటి?" అంది ఆవిడ, నన్ను చూడకుండా.

"నీళ్లప్పా. మెల్లగా లాగు."

లాగింది. ప్లగ్గు కన్నంలోంచి ఖర్కాయి నీళ్లు చిమ్మనగ్రోవి కొట్టినట్టు లేచి ఘోషాల్ బాబు పట్టు పంచె మీద పడ్డాయి. ఆ తర్వాత అండిలు సాఫీగా తిరిగింది. ఇంకోసారి, ఇంకోసారి. ఎక్కడా పట్టలేదు. రాడ్‌లు బాగున్నాయి. నాకు ఏడుపొచ్చింది, పొయ్యి పొగ అన్నట్టు పక్కకు తిరిగాను.

ఇక అడుగున నూనె తీయాలి. ఇంజిను కింద బిరడా నట్టు విప్పితే అడుగునున్న నీళ్లు ముందూ, పాలటీలాంటి నూనె వెనకా వస్తాయి. ఆ నట్టుకు సరిపోయే పానా ఆవిడ సంచిలో లేదు. పట్టకారు తీసుకుని కారు కిందికి దూరింది. కిందనుంచి చప్పుడు వినిపించింది. కర్ర్... జారింది. మళ్లీ కర్ర్.

మెకానిక్ అన్నవాడికి ఆ చప్పుడు ఎలా ఉంటుందో రాసి చెప్పలేను. నట్టు మూలలు అరిగిపోతున్న చప్పుడది. ఇంకో రెండుసార్లు జారితే నట్టు గుండ్రంగా తయారవుతుంది, ఆ తర్వాత బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు. నేను పళ్లు కొరుక్కుంటున్నాను. యూసుఫ్ చెవులు మూసుకున్నాడు.

మూడోసారి జారేసరికి ఘోషాల్ బాబు అరిచాడు. "అరే, నట్టును చంపేస్తోంది!"

అరుస్తూనే పందిట్లోకి పరుగెత్తాడు. విశ్వకర్మ పాదాల దగ్గర కూర్చుని, సిందూరం అంటిన రింగు పానాల్లో వెతికి, సరైనది లాగాడు. బంతి రేకులు దాన్నంటుకునే వచ్చాయి. కారు దగ్గరికి వచ్చి, వంగి, రెండు చేతులతో గౌరమ్మప్పకు అందించాడు.

"ప్రసాద్ సమఝ్ కే లో" అన్నాడు. ప్రసాదం అనుకుని పుచ్చుకోమని. తర్వాత మా వైపు తిరిగి, "ఏం చూస్తున్నారు? ప్రసాదం ఎవరికైనా ఇవ్వొచ్చు" అని గద్దించాడు.

నేను ఆయన్ను చాలాసార్లు తిట్టుకున్నాను, ఈ రాతలో కూడా వెక్కిరించాను. కానీ మీకు ఎవరైనా మాలిక్ దొరికితే అలాంటివాడే దొరకాలని కోరుకుంటాను. దేవుడి పని పాడవుతుంటే ఓర్చుకున్నాడు గానీ నట్టు పాడవుతుంటే ఓర్చుకోలేకపోయాడు.

మిగతాదంతా వేగంగా జరిగింది. గేరుబాక్సుకీ ఇరుసుకీ కూడా ఇంకో రెండు ప్రసాదాలు వచ్చాయి. కొట్లోని నూనె డబ్బాలు అమ్మకపు సరుకు గనుక దేవుడికి పెట్టలేదు. కొత్త నూనె పోసి, తిప్పి, తీసేసి, మళ్లీ పోశాం. అంటే ఆవిడ పోసింది. పెట్రోలు టాంకీ అడుగు నీళ్లు వంచింది. ప్లగ్గు కన్నాల్లో చెంచాడు నూనె వేసింది. వేడి వేడి ప్లగ్గులు కొంగుతో పట్టుకుని బిగించి, ఆరిన డిస్ట్రిబ్యూటరు మూతా బ్యాటరీ తీగా మళ్లీ తగిలించింది. సీట్లన్నీ ఊడదీసి గోడకు చేరేసింది. మధ్యలో కిచిడీ తిన్నాం. పెట్రోలు వాసన కొంచెం ఉన్న మాట నిజమే.

పొద్దు వాలుతుండగా అండిలు వేసింది. ఇంజిను దగ్గింది. తుమ్మింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగా నీళ్లూ కక్కి, వణుకుతూ వణుకుతూ అందుకుంది. గౌరమ్మప్ప అండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆయనకి సెప్పాలి, ఇంటికాడ సెవులొగ్గి కూకున్నాడు" అంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదలూ, అదే చివరా.

స్కూళ్లు తెరిచిన రోజు ఆ కారు గేటు ముందే ఉంది. ఈ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను, మీకు అనుమానం లేకుండా.

నిమజ్జనం

మర్నాడు విగ్రహాన్ని తీసుకెళ్లాల్సిన లారీ వంతెన అవతల ఇరుక్కుంది. మా గ్యారేజీలో నడిచే స్థితిలో ఉన్న బండి ఆ అంబాసిడర్ ఒక్కటే. ఘోషాల్ బాబు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, గొంతు సవరించుకుని, గౌరమ్మప్పను అడిగాడు. ఆవిడ వెంటనే సరేనంది.

వెనక సీటు ఇంకా ఎండలోనే ఆరుతోంది. ఆ ఖాళీలో విశ్వకర్మను ఏనుగుతో సహా కూర్చోబెట్టాం. ముందు సీటూ లేదు. ఆవిడ చెక్కపెట్టె మీద కూర్చుని స్టీరింగ్ పట్టుకుంది. ఘోషాల్ బాబు దేవుడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మేం డప్పులు కొట్టుకుంటూ వెనక నడిచాం. దారంతా ఆవిడ కొంచెం కొంచెం బ్రేకు తొక్కుతూనే ఉంది. తొక్కినప్పుడల్లా దేవుడు ముందుకు ఊగేవాడు, ఘోషాల్ బాబు ఆయన్ను కౌగిలించుకునేవాడు.

ఖర్కాయి గట్టు దగ్గర నీళ్లు తగ్గాయి గానీ రేవు వాలు మీద ఇంకా పల్చగా పారుతున్నాయి. ఏటా లారీ ఆ వాలు దిగి చక్రాలు తడిసేదాకా వెళ్లేది. గౌరమ్మప్ప గట్టు మీదే కారు తిప్పి, ముఖం ఊరి వైపు పెట్టి, ఇంజిను ఆపకుండా నిలబెట్టింది.

"ఇంకొంచెం కిందికి పోనీ" అన్నాడు ఘోషాల్ బాబు. "దేవుణ్ని ఇంత దూరంలో దింపేస్తారా?"

ఆవిడ పెట్టె మీద నుంచి కదల్లేదు. నాతో అంది, నేను హిందీలో చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

"ఆయన ములిగిపోడానికే ఎల్తన్నాడు, మోసుకెల్లండి. నా బండి ఇంటికెల్లాలి."

ఘోషాల్ బాబు పంచె ఎగ్గట్టుకుని, ఏనుగు తల వైపు పట్టాడు. నేనూ యూసుఫ్ తోక వైపు పట్టాం.